రాలిన కాయలు, దొరల వంటకం

ఆదివారం ఇంటికొచ్చిన విద్యార్థులకు మామిడి క్రంబుల్ పెట్టాను. పండుముక్కల మీద నలిపిన పిండి చల్లి ఓవెన్‌లో కాల్చే తీపి. "దళిత సాహిత్యం చెప్తూ ఈ దొరల వంటకమేంటి మేడమ్?" అన్నాడొకడు. నవ్వాను గానీ గుచ్చుకుంది.

1940 జనవరిలో బ్రిటన్‌లో వెన్న, పంచదార రేషన్‌లోకి వెళ్లాయి. పళ్ల మీద మందంగా పొర పరిచేంత వెన్న లేని ఇళ్లకు ఈ పొడిపిండి ఆసరా అయింది. కరువు వంట, నాయనా!

మా అమ్మ నూజివీడు తోటల్లో కూలికి వెళ్లేది. (2022 నుంచి నూజివీడు ఏలూరు జిల్లా. అమ్మ లెక్కలో ఇంకా కృష్ణానే.) ఈదురుగాలికి రాలిన కాయలు ఏరి గంపలకెత్తేది ఆమే. ఒక్కటి కొంగున కట్టుకుంటే దొంగతనం. కొంగు దులిపించి పంపేవాళ్లు. ఎనిమిదేళ్లప్పుడు గట్టు మీద నిలబడి చూశాను.

మొన్న నున్న మార్కెట్ దగ్గర దెబ్బతగిలిన కాయలు చవగ్గా తెచ్చాను. రసాలు వద్దు, ఓవెన్‌లో నీరైపోతాయి. దోరమాగిన బంగినపల్లి కావాలి. రెండు పాళ్లు గోధుమపిండి, ఒక పాలు వెన్న, ఒక పాలు బెల్లంపొడి, గుప్పెడు వేరుశనగ పలుకులు. 180 డిగ్రీలు, 40 నిమిషాలు. పైన కరకర, కింద పులుపు.

మన తిండి గురించి రాస్తే గంజి, తునకల దగ్గరే ఆగుతున్నాం. అవి రాయాల్సిందే. కానీ ఆకలి ఒక్కటే మనదంటే, తీపి మీద హక్కు మనమే వాళ్లకు రాసిచ్చినట్టు.

అమ్మ కూడా తింది. "రాలిన కాయలా?"

"అవునమ్మా."

"కొన్నావా?"

"కొన్నాను."

కొంగుతో మూతి తుడుచుకుని ఇంకో గరిటె వేయించుకుంది.