మనసులో మాట ఏ భాషలో చెప్పుకోవాలి?

కొన్నేళ్ల క్రితం హోసూరు దగ్గరి పల్లె నుంచి ఒక కుటుంబానికి తోడుగా ఆసుపత్రికి వెళ్లాను. ఇంటి పెద్దకు తాగుడు ముదిరింది. బజారుకూ బస్సుకూ సరిపడే తమిళం ఆయనకు వచ్చు. రాత్రిళ్లు తనకేమవుతుందో చెప్పుకొనేంత రాదు. డాక్టరుకు తెలుగు రాదు. ఇద్దరి నడుమ పదో తరగతి చదివే కూతురు. డాక్టరు మంచివారే, ఓపికగానే అడిగారు. "మీ అమ్మను కొడతారా?" అన్న ప్రశ్న దగ్గర ఆ పిల్ల ఆగిపోయింది. తండ్రికి తెలుగు చేసి చెప్పలేదు. కాసేపు నేల చూసి, లేదని తానే జవాబిచ్చింది. తల్లి గోడవారగా నిలబడే ఉంది. నేను దుబాసీగా కూర్చోవచ్చు గానీ, ఊరివాడి ముందు ఆయన నోరు విప్పుతాడా?

బడి కోసం, వాచకాల కోసం, తెలుగు ఉపాధ్యాయుల కోసం మనం ఎన్నో విజ్ఞాపనలు రాశాం. వైద్యుడి గదిలో తెలుగు కావాలని అడిగింది తక్కువ. జ్వరమైతే థర్మామీటరు చెబుతుంది, చక్కెర జబ్బయితే రక్త పరీక్ష చెబుతుంది. దిగులుకు, వ్యసనానికి, ఆలుమగల మధ్య ఎడబాటుకు అలాంటి కొలత లేదు. అక్కడ పరీక్షా మాటే, చికిత్సలో పెద్ద పాలూ మాటే. "బెంగగా ఉంది", "ఏదీ పట్టడం లేదు", "గుండెలో గుబులు" అనే మూడూ ఒకటి కావని తెలుగు వినే చెవికే తెలుస్తుంది.

ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, తన జబ్బు స్వభావాన్నీ చికిత్సనూ తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం రోగి హక్కు. అదే చట్టం 4వ సెక్షన్ కూడా రోగికి అర్థమయ్యే సరళమైన భాషలోనే చెప్పాలంటోంది. బిడ్డ నోట చెప్పించాలని ఎక్కడా అనలేదు.

దూరం నుంచే వైద్యం అందే వీలు ఇప్పుడు వచ్చింది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ సేవను ప్రారంభించింది. 14416కు ఫోను చేస్తే ఏ వేళనైనా, ఉచితంగా, శిక్షణ పొందినవారు మాట్లాడతారు; అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. 2024 అక్టోబరులో దృశ్య సంభాషణ సదుపాయం వచ్చింది. మొదట దాన్ని అందుకొన్న రాష్ట్రాలలో కర్ణాటక, తమిళనాడు ఉన్నాయి. మత్తు వ్యసనాలకు 14446 అనే మరో ఉచిత సంఖ్య కూడా ఉంది.

చిక్కంతా ఒక్కచోట ఉంది. ఈ సేవ 20 భాషలలో ఉన్నా, ఏ రాష్ట్రంలో ఏ భాషలన్నది ఆ రాష్ట్రం ఎంపికను బట్టి ఉంటుంది. హోసూరు ఫోను తరంగం కుప్పం వైపు పోవడానికి ఏ చెక్‌పోస్టూ అడ్డు రాదు. వ్యవస్థ మాత్రం రాష్ట్రాల గీతలతోనే నడుస్తుంది. యానాం నుంచి కాకినాడ సుమారు 30 కిలోమీటర్లు, పాలన మాత్రం పుదుచ్చేరి నుంచి. బళ్లారి, కోలారు, రాయగడ, బరంపురం, షోలాపురం తెలుగు ఇళ్లకూ ఇదే వరస. మనిషి కదలనక్కరలేని చికిత్సకు సరిహద్దు దేనికి? తెలుగు ఎంచుకొన్నవారి పిలుపును తెలుగు తెలిసినవారున్న ఏ కేంద్రానికైనా మళ్లించాలి. మన కోరిక ఇంతే.

తెలుగైతే చాలా అంటే, అదీ కాదు. మన సరిహద్దు పలుకుబడిని విని నవ్వే తెలుగువారూ ఉన్నారు. అటు కూర్చున్నవారు మన యాసను దిద్దకుండా వినాలి.

ఫోను చేయలేని పనులూ ఉన్నాయి. ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఒక్కసారిగా మానేస్తే, రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛ, మతిభ్రమ రావచ్చు, ప్రాణానికే ముప్పు. దానికి ఆసుపత్రి మంచమే కావాలి. చనిపోవాలనే మాట వినిపిస్తే మనిషిని ఒంటరిగా వదలకుండా దగ్గరి ఆసుపత్రికి చేర్చాలి. ఆ గండం గడిచాక నెలల తరబడి సాగాల్సిన మాటల చికిత్సకే దూరసేవ అక్కరకు వస్తుంది. అప్పుడు కూడా ఒంటిగది ఇంట్లో కోడలు అత్తగారి ముందు ఏం మాట్లాడుతుంది? మిద్దె మీదికో, చేనుగట్టుకో వెళ్లనివ్వండి. ఎవరితో, ఎంతసేపని ఆరా తీయకండి.

పాఠకులకు నా మనవి: 14416కు ఫోను చేసినప్పుడు తెలుగు కావాలని స్పష్టంగా అడగండి. దొరకకపోతే తేదీ, వేళ రాసుకొని జిల్లా కలెక్టరుకు విజ్ఞాపన పంపండి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం దాన్ని తెలుగులోనే రాయవచ్చు. ఎవరికి ఏ జబ్బో అందులో రాయనక్కరలేదు. ఒక నకలు మన పత్రికకు పంపితే, పేర్లు లేకుండా అన్నిటినీ కలిపి రాష్ట్ర ఆరోగ్య శాఖలకు మేము అందజేస్తాం.