పరిగె వదిలిన రైతు కథ చదివితే మతం మారిపోతామా?



ఈసారి ధరల గురించి, మందుల గురించి రాయడం లేదు. పుస్తకాల గురించి రాస్తాండా. చివరికి మళ్ళీ చేను కాడికే వస్తాలెండి, ఓపిగ్గా చదవండి.

మొన్న మోటరు కాడ కూర్చోని ఫోన్లో ఒక నవల చదువుతాంటే పక్క చేను మామ వచ్చినాడు. ఏం చదువుతాండావని అడిగినాడు. క్రైస్తవుల కథ అని చెప్పినా. ఆయన ఒక నిమిషం నా నుదురు దిక్కు చూసి, "ఏంది అల్లుడూ, మతం గిన మారినావా ఏంది? రాముడుండే ఊర్లో ఉండి ఇదేం పని?" అన్నాడు. నవ్వుతానే అన్నాడు గానీ సగం నిజంగానే అడిగినాడు. ఆ రోజు ఏదో సర్దిచెప్పి పంపించినా. సరైన జవాబు ఇప్పుడు రాస్తాండా. ఇదే మాట మీలో చాలామందికి ఉంటాదని నాకు తెలుసు.

ముందు ఒక సంగతి ఒప్పుకుంటా. రెండేండ్ల కింద శెనక్కాయ పీకిన రోజు, ఇంకా వామి గూడా వెయ్యలేదు, చర్చి వీధిలో ఉండే ఒక ముసలామె మనవరాలిని తోడు తీసుకోని మా కయ్యలోకి వచ్చింది. నేలలో తెగి మిగిలిపోయిన కాయలు ఏరుకుంటాంది. నేను గట్టిగా కసురుకున్నా. చెట్టు మోసేదాకా కయ్యలో కాలు పెట్టొద్దని చెప్పినా. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఒడిలో పిడికెడు కాయలుంటే వాటిని గెనిమ మీద పోసేసి పోయింది. ఆ యేడు వాన ఎగ్గొట్టింది, పెట్టుబడి రాలేదు, ఆ కోపం ఆమె మీద చూపించినా. నా దృష్టిలో అప్పుడది తప్పే కాదు. నా చేను, నా కాయ.

తర్వాత కొన్నాళ్ళకు మా అమ్మాయి నా ఫోన్లో రెండు మూడు ఇంగ్లీషు నవలలు వేసిచ్చింది. నాకు వచ్చిన డిగ్రీ ఇంగ్లీషుతో నిదానంగా చదువుకుంటా, రానిచోట దాన్ని అడుగుతా. అందులో ఒకటి ఫ్రాన్సీన్ రివర్స్ అనే అమెరికా ఆమె 2001లో రాసిన 'అన్‌షేకెన్'. బైబిల్లో రూతు అనే ఆమె కథ ఉంది, నాలుగే అధ్యాయాలు. దాన్నే పెంచి ప్రేమకథ మాదిరి రాసింది.

కథ ఏందంటే, బేత్లెహేములో కరువు వస్తుంది. ఒక కుటుంబం పొట్ట చేత పట్టుకోని మోయాబు అనే పరాయి దేశానికి పోతుంది. మన పక్కల కువైట్‌కు పోయినట్లనుకోండి. అక్కడ మొగుడు పోతాడు, ఇద్దరు కొడుకులూ పోతారు. నయోమి అనే అత్త ఒట్టి చేతులతో సొంతూరికి తిరుగుముఖం పడుతుంది. పరాయి దేశపు కోడలు రూతు ఆమెను వదలకుండా వెంట వస్తుంది. వాళ్ళు ఊరు చేరేసరికి యవల కోతలు మొదలైనాయి. తిండి లేదు. రూతు పరిగె ఏరుకోడానికి బోయజు అనే రైతు చేన్లోకి పోతుంది. అవునన్నా, 'పరిగె' అనే మాటే తెలుగు బైబిల్లో ఉంది. మన అవ్వ వాడిన మాట.

ఆ బోయజు ఏం చేస్తాడో చూడండి. ఆమెను అరవొద్దని కూలోళ్ళకు చెప్తాడు. అంతటితో ఆగలేదు. కట్టల్లోనుంచి కొన్ని కంకులు కావాలనే లాగి కింద పడెయ్యమంటాడు, ఆమె ఏరుకోవాలని. దానం చేసినట్లు కనపడగూడదు, ఆమె కష్టం చేసి తెచ్చుకున్నట్లే ఉండాల. వాళ్ళ ధర్మశాస్త్రంలో కూడా చేను అంచుల దాకా కొయ్యొద్దు, రాలింది మళ్ళీ ఏరొద్దు, అది బీదోళ్ళకు, పరదేశులకు అని ఉంది. చివరికి రాత్రిపూట కళ్ళంలో, ధాన్యం కుప్ప పక్కన బోయజు పండుకోని ఉంటే రూతు పోయి పెండ్లి మాట ఎత్తుతాది. కుప్ప పక్కన పండుకోవడం అంటే ఏందో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు గదా.

ఆ పేజీ కాడ ఫోన్ పక్కన పెట్టేసినా. గెనిమ మీద కాయలు పోసేసి పోయిన ముసలామె గుర్తుకొచ్చింది. ఏ గుళ్ళోనో, ఏ చర్చిలోనో ఎవరన్నా నాకు బుద్ధి చెప్పింటే వాదన పెట్టుకునేటోణ్ణి. కథతో వాదన ఎట్ల పెట్టుకుంటాం? బోయజు ఒక రైతు, నేను ఒక రైతు. ఆయన చేసిన పని ఆయన చేసినాడు, నేను చేసిన పని నేను చేసినా.

అందుకే నేనంటా, ఈ కథలు చదివేది మతం కోసం కాదు. చదివితే పక్కింటోడు దేన్ని నమ్ముకోని బతుకుతాండాడో తెలుస్తాది. మన ఊర్లో మనతో పాటు కలుపు తీసేటోళ్ళు, మనతో పాటు వాన కోసం మొగులు దిక్కు చూసేటోళ్ళు వాళ్ళు. ఆదివారం వాళ్ళు చర్చిలో ఏం వింటారో, ఏ కథకు కండ్లనీళ్ళు పెట్టుకుంటారో మనకు ముక్క తెలీదు. మన కథలు వాళ్ళకు తెలుసు. భజనలు విన్నారు, నాటకాలు చూసినారు, కల్యాణానికి వచ్చినారు. తెలుసుకోనిది మనమే.

ఇంక రుచి సంగతి. ఒక్క ప్రేమకథలే ఉంటాయనుకోవద్దు. చరిత్ర ఉంది, గుండె దడదడలాడించేవీ ఉన్నాయి. ప్రేమలో ఇంకొకటి చెప్తా. జానెట్ ఓక్ అనే కెనడా ఆమె 1979లో 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' అని రాసింది. పడమటి దిక్కుకు బండ్లు కట్టుకోని పోతాంటే దావలో ఒక పిల్ల మొగుడు చచ్చిపోతాడు. చలికాలం మీద పడతాంది, వెనక్కు పోలేదు. పెండ్లాం పోయి చిన్న బిడ్డతో ఉన్న ఒక రైతు, "నా బిడ్డకు తల్లిగా ఉండు, నీకు ఇల్లు ఉంటాది, ఎండాకాలానికి పోవాలనుకుంటే దావఖర్చులిచ్చి పంపిస్తా" అనే ఒప్పందం మీద ఆమెను పెండ్లి చేసుకుంటాడు. వాళ్ళ మధ్య ప్రేమ పాలు పితుకుతా, పొయ్యి రాజేస్తా, మెల్లగా వస్తుంది. మన పెండ్లిండ్లలో చాలా వాటి కథ గూడా ఇంతే గదా. మా ఇంట్లో ఆమెకు ఈ కథ చెప్తే రెండు రాత్రులు "తర్వాత ఏమైంది" అని అడిగింది.

చరిత్ర కావాలంటే తెలుగులోనే ఉంది. జి. కల్యాణరావు 2000లో రాసిన 'అంటరాని వసంతం'. ఆయన విప్లవ రచయిత, చర్చి కోసం రాసినోడు కాదు. కానీ తెలుగు నేల మీద మాల మాదిగ పల్లెలు క్రీస్తు దిక్కు ఎందుకు పోయినాయో అంత లోతుగా చెప్పిన నవల నాకు ఇంకొకటి కనపళ్ళేదు. ఆ కథను గుర్తు చేసుకునే ముసలామె పేరు కూడా రూతే. కరువులో పని కోసం బకింగ్‌హామ్ కాలవ కాడికి పోయిన శివయ్య, అక్కడ గూడా అంటరానోడని తరిమేస్తే, చివరికి సైమన్ అవుతాడు. పేరు మారినంత మాత్రాన కులం పోలేదనేది కూడా ఆ పుస్తకం దాచిపెట్టలేదు.

ఆ కరువు కట్టుకథ కాదు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన ధాత కరువు అది. మన కడప, కర్నూలు, బళ్ళారి సీమలను ఊడ్చిపెట్టిన కరువు. మన అవ్వల సామెతల్లో ఇంకా ఉంది. ఆ రోజుల్లో ఒంగోలులో ఉన్న క్లౌ అనే అమెరికా మిషనరీ బకింగ్‌హామ్ కాలవలో కొంత భాగం కాంట్రాక్టు పట్టి ఆకలితో ఉన్నోళ్ళకు పని ఇచ్చినాడు. 'బియ్యం కోసం మారినారు' అని మనం సులభంగా అంటాం గదా. తిండి కోసం వస్తారని కరువు నడిచేటప్పుడు ఆయన బాప్తిస్మాలు ఆపేసినాడు. తర్వాత 1878 జులైలో ఒకే రోజు 2,222 మందికి ఇచ్చినారు. వాళ్ళు ఎందుకు పోయినారనేదానికి బియ్యం ఒక్కటే జవాబైతే ఈ లెక్క ఎట్ల కుదురుతాది? మనిషి మాదిరి చూసినోడి దిక్కు మనిషి పోతాడు. ఇది చదివినాక నాకు కోపం రాలేదు, సిగ్గయింది.

గుండె దడ పుట్టించే కథ కావాలంటే టాల్‌స్టాయ్ 1886లో రాసిన చిన్న కథ ఉంది, ఒక మనిషికి ఎంత నేల కావాల అని. పహోమ్ అనే రైతు. భూమి ఉంటే చాలు, సైతానుకు కూడా భయపడను అంటాడు. సైతాను పొయ్యి వెనకాల కూర్చోని వింటాంటాడు. ఒకచోట వెయ్యి రూబుళ్ళు కడితే, పొద్దు పొడిచినప్పుడు మొదలుపెట్టి పొద్దుగుంకే లోపల ఎంత నేల చుట్టి వస్తే అంతా నీదే అంటారు. బయల్దేరిన చోటికి తిరిగి రాకపోతే డబ్బు పోయినట్లే. ఇంకో మడి బాగుంది, ఇంకో పల్లం బాగుంది అని పోతానే ఉంటాడు. పొద్దు వాలతాంటాది. వెనక్కు పరిగెత్తే ఆ రెండు పేజీలు చదివేటప్పుడు నా కాళ్ళు నొప్పులు పుట్టినాయి. చేరుతాడు, పడి చచ్చిపోతాడు. గుంత తవ్వడానికి పట్టిన నేలే ఆయనకు మిగిలింది. ఒకటి పడకపోతే ఇంకోటి అని అప్పు చేసి బోర్లు వేసిన మనకు పహోమ్ ఎవరో తెలుసు. నేను వేసిన మూడో బోరు ఆయన పరుగే.

అన్నీ మంచివే అని చెప్పను. ప్రార్థన చేస్తానే వాన పడే కథలు, చివరి పేజీలో అప్పులన్నీ తీరిపోయే కథలు కూడా చదివినా. అవి నాకు నచ్చవు. సేద్యం చేసేటోడు వాటిని నమ్మలేడు. రూతు కథలో చనిపోయినోళ్ళు తిరిగి రాలేదు. పరిగె ఏరుకుంటేనే పొట్ట నిండింది. ఆ నిజం ఉన్న కథే నిలబడతాది, ఏ మతానిదైనా.

చర్చికి పోయే స్నేహితుడొకాయన ఇంకో దిక్కునుంచి తగులుకున్నాడు. బైబిల్ ఉండంగా కల్పించిన కథలెందుకని. అన్నా, మీ యేసు చెప్పిన కథల మాటేంది మరి? విత్తనాలు చల్లే రైతు, కొన్ని దావ పక్కన, కొన్ని రాతినేల మీద, కొన్ని ముండ్లలో, కొన్ని మంచి నేలలో పడటం. ద్రాక్షతోటకు పొద్దున వచ్చినోనికీ సాయంత్రం వచ్చినోనికీ ఒకే కూలి ఇచ్చిన యజమాని. మన ఊర్లో ఎవరన్నా అట్ల ఇస్తే మరుసటి రోజు పొద్దున పూట ఒక్కరూ పనికి రారు! అందుకే ఆ కథ రెండు వేల ఏండ్లయినా మనసులో గుచ్చుకుంటా ఉంది. ఆయన కథలు చెప్పినాడంటే కథ చెడ్డది కాదు.

ఇంక మామకు జవాబు. మామా, మన కోదండరాముని గుడి కాడ ఇమాంబేగ్ బావి ఉంది గదా. కడప నవాబు కొలువులో ఉన్న ఇమాంబేగ్ ఈడికి వచ్చి, మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని అడిగినాడంట. మనసు పెట్టి పిలిస్తే పలుకుతాడని చెప్తే, మూడుసార్లు పిలిచినాడంట. లోపలినుంచి 'ఓ' అని జవాబు వచ్చిందంట. అప్పుడు భక్తుడై బావి తవ్వించినాడని మన పెద్దోళ్ళు చెప్తారు. ఆ కథను మనం గర్వంగా చెప్పుకుంటాం. తురకాయన మన దేవుణ్ణి పిలిస్తే మనకు సంతోషం. అదే మనవాడు వాళ్ళ కథ ఒకటి చదివితే మతం పోయినట్లా? రాముడు అడవిలో శబరి ఇచ్చిన పండ్లు తిన్నాడు, గుహుణ్ణి కౌగిలించుకున్నాడు. ఆయన ఊర్లో ఉండేటోళ్ళం, ఒక పుస్తకానికి బెదిరితే ఎట్ల?

నేను ఇప్పటికీ నవమికి గుడికి పోతా, కల్యాణం రాత్రి వెన్నెల్లో కూర్చుంటా. మారింది ఒకటే. పోయిన కారు శెనక్కాయ పీకినప్పుడు గెనిమ పక్క రెండు సాళ్ళు ముట్టొద్దని కూలోళ్ళకు చెప్పినా. మా ఇంట్లో ఆమె గొణిగింది, విత్తనం రేటు ఎంతో తెలుసా అని. తెలుసు. ఆ ముసలామెకు నేరుగా పోయి చెప్పడానికి మొహం చెల్లలేదు, మనవరాలితో కబురు పంపినా. మూడు రోజులు చూసినా. రాలేదు. నాలుగో రోజు వేరే ఆడోళ్ళు వచ్చి ఏరుకున్నారు. ఆమె ఎందుకు రాలేదో నాకు తెలుసు, ఆమె మీద తప్పు పెట్టను. ఈ కారు మళ్ళీ వదులుతా.

మీరూ వదలండి. రెండు సాళ్ళు కాకపోతే ఒక సాలు. మిషన్లతో పీకేటోళ్ళు కనీసం కయ్య మూలలు వదలండి. పరిగె అనే మాట మన నోట్లోనుంచి పోకముందే ఆ పని తిరిగి రావాల.

మీ ఇండ్లలో ఇట్లాంటి తెలుగు నవలలు ఏమన్నా ఉంటే కింద పేరు రాయండి, చదివి తిరిగిస్తా. 'అంటరాని వసంతం' నా కాడ ఉంది. కావాల్సినోళ్ళు సాయంత్రం మోటరు కాడికి రండి. మామా, మొదట నీకే ఇస్తా.