క్రొత్త కాపురము – పాత కోట

ఉద్యోగరీత్యానో, పిల్లల చదువుల కొరకో మదనపల్లెకు కాపురము వచ్చిన కుటుంబము మొదట విచారించునవి అద్దె యిల్లు, మంచినీరు, బడి, టమాటా ధర. ఆ పిమ్మట ఒక ఆదివారము హార్సిలీ కొండ నెక్కి చల్లగాలికి తిరిగి వత్తురు. అంతటితో ఊరు తెలిసినదని తలంతురు. కడపకు పోవు బాటలో గుఱ్ఱంకొండ కోట కలదని వారికి చెప్పువా రరుదు. చెప్పదగిన పాత కాపులకే అది బస్సు కిటికీనుండి కనబడు రాతిగుట్ట!

ఇది సరి కాదు. స్కాట్లండునందలి ఎడింబరో నగరమునకు కాపురము పోయిన తెలుగువారు రుసుము చెల్లించియైనను అచ్చటి కొండకోటను చూచి, ఛాయాచిత్రములను స్వగ్రామమునకు పంపుదురు. స్వగ్రామమున కనతిదూరమున నున్న కోట మాత్రము వారికి గుర్తునకు రాదు.

గుఱ్ఱంకొండ సామాన్యమైన దుర్గము కాదు. విజయనగర రాజుల కాలము, కడప నవాబుల కాలము, హైదరాలీ, టిప్పుల యేలుబడి దానికి తెలియును. 1791లో ఇంగ్లీషు, నిజాము సేనలు దానిని ముట్టడించెను. దిగువ కోట పడినది. నిటారైన రాతికొండపైనున్న ఎగువ కోట లొంగలేదు. టిప్పు మరణానంతరము 1799లో ఈ సీమ నిజాము వశమై, మరుసటి యేడే దత్తమండలములలో నొకటిగా ఇంగ్లీషు కుంపిణీకి చేరెను. కొండకు కాపుగా ఒక గుఱ్ఱముండెడిదనియు, అది యున్నంతవరకు కోటను గెలువ నెవరితరము కాకుండెననియు స్థానికులు చెప్పుదురు. కథ ముచ్చటైనదే. కాని కోటను కాచినది ఆ కొండ నిలువుదనమని పిల్లలు కన్నులార చూచి గ్రహించుట మేలు.

పుంగనూరునకు వచ్చువారు పొట్టి ఆవులను చూచి మురియుదురే గాని జమీందారుల పాత మేడను గూర్చి అడుగరు. కుప్పమున 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినప్పటినుండి పరప్రాంతముల విద్యార్థులును వచ్చుచున్నారు. వారికి ఈ సీమ చరిత్రను చెప్పవలసినవారు ఇచ్చటి బాలబాలికలే.

చూడబోవుట యొక యెత్తు, చూచు తీరొక యెత్తు. కొండ పాదముననున్న రంగీన్ మహలు వంటి కట్టడముల గోడలపై మేకుతో తమ పేర్లు గీయుట వీరత్వమని కొందరి భ్రమ. రక్షిత కట్టడమును పాడుచేసినవారికి రెండేండ్ల వరకు చెర, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చునని 2010లో సవరించిన చట్టము చెప్పుచున్నది. చట్టము మాట యటుండ, రెండువందల యేండ్లకు పైబడిన సున్నపు గచ్చు ఒకమారు రాలినచో మరల రాదు.

కొండ నెక్కువారు తెల్లవారుజామున బయలుదేరుట మంచిది. పొద్దెక్కిన పిమ్మట ఆ బండలపై కాలు నిలువదు.