కరెంటు పనికి న్యాయమైన కూలి ఎంత?

కాశీబుగ్గ: ఇంట్లో ఫ్యాను ఆగినా, మీటరు వద్ద తీగ కాలినా ఎలక్ట్రీషియన్‌ను పిలవక తప్పదు. ఆయన అడిగిన మొత్తం న్యాయమో కాదో తేల్చుకునే ఆధారం మాత్రం చాలామంది వినియోగదారుల వద్ద ఉండదు. మామూలు రోజుల్లో కాస్త బేరంతో ముగిసే ఈ వ్యవహారం తుపాను వెళ్లిన మర్నాడు పెద్ద భారంగా మారుతుంది.

పైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ వద్ద, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటాయి. తిత్లీ ధాటికి జిల్లాలో వేల సంఖ్యలో విద్యుత్తు స్తంభాలు నేలకొరిగాయి. స్తంభం నుంచి మీటరు వరకు సరఫరా పునరుద్ధరణ తూర్పు ప్రాంత విద్యుత్తు పంపిణీ సంస్థ బాధ్యత. మీటరు దాటిన తరువాత తీగలు, స్విచ్చులు, ఎర్తింగు ఇంటి యజమానివే. ఊరంతటికీ ఒకేసారి పని పడి, చేసేవారు కొద్దిమందే అయినప్పుడు రేటుకు పట్టపగ్గాలు ఉండవు.

విడివిడిగా అడగాలి

మొత్తం ఇంత అని ఒకే మాటగా చెప్పిన ధరను మరొకరి ధరతో పోల్చడం సాధ్యం కాదు. రాకపోకల ఖర్చు, కూలి, సామగ్రి ధర వేర్వేరుగా అడగాలి. మరమ్మతుకు సమయాన్ని, కొత్త వైరింగుకు పాయింట్ల సంఖ్యను లెక్కలోకి తీసుకోవడం వాడుక. ఉదాహరణకు రోజు కూలి 1,000 రూపాయలు అనుకుంటే ఎనిమిది గంటల పనిలో గంటకు 125 రూపాయలు పడుతుంది. అయితే పలాస నుంచి వజ్రపుకొత్తూరు వెళ్లి గంట పని చేసిన వ్యక్తికి పెట్రోలుతో పాటు పూట కూడా ఖర్చవుతుంది. అందుచేత సగం రోజు కూలి అడిగితే అది అన్యాయం కాదు. రెండు రోజుల కూలి అడిగితే కారణం చెప్పాల్సిందే.

పాయింటు రేటులో గోడ తొలచడం, పెట్టె బిగించడం, పూత పూయడం కలిసి ఉన్నాయో లేదో ముందే తేల్చుకోవాలి. తీగ చుట్టపై ముద్రించిన ధరకు, దుకాణంలో అమ్మే ధరకు తేడా ఉంటుంది. ఐఎస్ఐ ముద్ర ఉన్న తీగను యజమానే కొని, బిల్లు దాచుకోవడం మేలు.

చౌక కూడా చేటే

తీరప్రాంతపు ఉప్పుగాలికి ఎర్తింగు గొట్టాలు, అతుకులు త్వరగా తుప్పు పడతాయి. ఎర్తింగు వదిలేసి తక్కువకు ఒప్పుకొనేవారి పని ప్రాణాల మీదకు తెస్తుంది. బల్బులు, ఫ్యాన్లు, స్విచ్చుల మార్పిడి వంటివి మినహా వైరింగు పనులు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారానే జరగాలని విద్యుత్తు భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. లోపాన్ని కనిపెట్టడమే అసలు నైపుణ్యం. అయిదు నిమిషాల్లో అతుకు బిగించాడని అయిదు నిమిషాల కూలే ఇవ్వజూడటం కూడా న్యాయం కాదు.

ముందే ఒప్పందం

అక్టోబరుకు ముందే ఇంటి తీగలు, ఎర్తింగు పరీక్ష చేయించుకుంటే తుపాను వేళ బేరమాడే అవస్థ తగ్గుతుంది. వీధిలోని నాలుగైదు ఇళ్లవారు కలిసి ఒకరినే పిలిస్తే రాకపోకల ఖర్చూ పంచుకోవచ్చు. రేటు, చేయవలసిన పని కాగితంపై రాయించుకోవాలి. డబ్బు తీసుకుని పని సరిగా చేయకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా పొందవచ్చు. ఫిర్యాదుకు ఆ కాగితం, బిల్లులే ఆధారం.

పలాస-కాశీబుగ్గ పురపాలక సంఘం స్థానిక ఎలక్ట్రీషియన్లతో మాట్లాడి, విపత్తు రోజుల్లో పాటించవలసిన రేట్ల పట్టికను ముందుగానే ప్రకటిస్తే ఇరుపక్షాలకూ మేలు జరుగుతుంది. కష్టకాలంలో పని చేసినవారికి కాస్త అదనపు కూలి దక్కాలి. ఆ అదనం ఎంతో కొంపలో చీకటి కమ్మకముందే ఇంటివారికి తెలియాలి.