‘మీ ఫొటోలు ఎక్కడ చూడొచ్చు?’

ఒక్కసారి మీ ఫోన్ గ్యాలరీ తెరవండి. భద్రకాళి చెరువు మీద సాయంత్రం వెలుగు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి రాశులు, హాస్టల్ కిటికీలో స్టీలు గ్లాసు... ఇలాంటివి ఎన్నో ఉంటాయి. మీరు కాక ఇంకెవరైనా చూశారా వాటిని?

ఇంజినీరింగ్ అయ్యాక మొదటి ఇంటర్వ్యూకి వెళ్తూ హాబీల దగ్గర ‘ఫొటోగ్రఫీ’ అని రాసుకున్నాను. ‘మీ ఫొటోలు ఎక్కడ చూడొచ్చు?’ అని అడిగారు. ఫోన్ తీసి వెతుకుతూనే ఉన్నా. సెల్ఫీలు, నోట్స్ స్క్రీన్‌షాట్ల మధ్య చూపించదగ్గది ఒక్కటీ చేతికి రాలేదు. వాళ్లు తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. ఉద్యోగం అందువల్లే రాలేదని చెప్పను. కానీ చేసిన పనిని చూపించలేకపోయానన్న బాధ మాత్రం మిగిలింది.

ప్లేస్‌మెంట్ల టైంలో కెమెరా పడితే ‘ముందు ఉద్యోగం సంగతి చూడు’ అంటారు ఇంట్లో. ఆ మాటలో న్యాయముంది. అయితే రెండూ కలిసి నడవొచ్చు. రాజా దీన్ దయాళ్ రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. 1874లో సరదాగా ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. ఉద్యోగం చేస్తూనే తీసిన ఆ ఫొటోలు నలుగురి కంటా పడ్డాయి. చివరికి ఆయన ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. మనమంతా దీన్ దయాళ్‌లం కానక్కర్లేదు. తీసింది బయటపెట్టడం మాత్రం నేర్చుకోవచ్చు.

ఎక్కడ పెట్టాలి? వికీపీడియాలో మనం చూసే ఫొటోల్లో చాలావరకు వికీమీడియా కామన్స్‌లో ఉంటాయి. అకౌంట్ తెరిచి ఎవరైనా సొంత ఫొటోలు చేర్చొచ్చు. ‘వికీ లవ్స్ మాన్యుమెంట్స్’ పోటీ 2010లో నెదర్లాండ్స్‌లో మొదలై, 2012లో మన దేశానికీ వచ్చింది. వేయిస్తంభాల గుడికి, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్పకు ఫొటోల కొరత లేదు. మరి మీ ఊరి మెట్లబావికి? పెరట్లో వాలే పిట్టకు? అమ్మమ్మ వాడిన రోలుకు? వెతికి చూడండి. లేకపోతే ఆ ఖాళీ మీదే.

అక్కడ ఫొటో పెట్టాలంటే ఏమిటిది, ఎక్కడిది, ఎప్పుడు తీశారు, ఏ విభాగంలోకి వస్తుందో రాయాలి. ఆఫీసులో డాక్యుమెంటేషన్ అంటే దాదాపు ఇదే పని.

రెండు జాగ్రత్తలు. మన చట్టం ప్రకారం మీరు తీసిన ఫొటోకి మామూలుగా కాపీరైట్ మీదే. కామన్స్‌లో పెడితే మాత్రం మీ పేరు చెప్పి, లైసెన్సు షరతులు పాటిస్తూ ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా. తర్వాత ఆ అనుమతి వెనక్కి తీసుకోలేరు. అందుకే ఇంట్లోవాళ్ల ఫొటోలు వద్దు. రెండోది, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫొటో తీసి ప్రచురించడానికి చట్టం ఒప్పుకుంటుంది. అదే చేర్యాల నకాశీ చిత్రకారుడు ఇప్పుడు వేసిన బొమ్మ అయితే ఆయన అనుమతి అడగాలి. ఎలాగూ వెళ్తారు కాబట్టి పక్కన కూర్చుని రంగులు ఎలా కలుపుతారో కూడా అడగండి. ఫొటో కింద రాయడానికి నాలుగు మంచి మాటలు దొరుకుతాయి.

ఈ ఆదివారం పది ఫొటోలు ఎంచుకోండి. ఒక్కోదానికి మూడు లైన్లు రాసి పెట్టండి. ఆ లింకు రెజ్యూమెలో చేర్చండి. దానితోనే ఉద్యోగం వచ్చేస్తుందని కాదు. మొదలుపెట్టిన పనిని చివరిదాకా చేస్తారని ఎదుటివాళ్లకు తెలుస్తుంది. నన్ను అడిగిన ప్రశ్న రేపు మిమ్మల్ని అడిగితే ఫోన్ తడుముకోవాల్సిన పని ఉండదు.