వాచ్‌మన్ భార్యకు జీతమెంత?

సెక్యూరిటీ గార్డుల కనీస వేతనం గురించి మాట్లాడదామంటే, అది మగవాళ్ళ సమస్య, కార్మిక సంఘాలు చూసుకుంటాయి అనే జవాబు మన స్త్రీ సంఘాల సమావేశాల్లోనే వినిపిస్తుంది. గేటు దగ్గర యూనిఫాం వేసుకుని నిలబడేది మగవాడు కాబట్టి ఆ జీతం మగవాడి జీతమేనని మనమూ నమ్మేశాం. ఆ గేటు వెనక, పార్కింగులో లిఫ్టు పక్కనున్న గదిలో ఎవరుంటున్నారో, ఎవరు ఏ పని చేస్తున్నారో చూస్తే ఈ నమ్మకం నిలవదు. గార్డుల కనీస వేతనం స్త్రీల ప్రశ్న కూడా అని వాదించడానికే ఈ వ్యాసం.

బాచుపల్లినే తీసుకుందాం. ఒకప్పుడు కుత్బుల్లాపూర్ మండలంలో ఒక ఊరు. 2016లో జిల్లాలను విడగొట్టినప్పుడు మండల కేంద్రమైంది. 2019లో నిజాంపేట మున్సిపల్ కార్పొరేషన్‌లో కలిసింది. హైటెక్ సిటీ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళ ఫ్లాట్లు, కార్పొరేట్ కాలేజీల హాస్టళ్ళు, ఇంజనీరింగ్ కాలేజీలు, మందుల ఫ్యాక్టరీలు ఒకదాని పక్కన ఒకటి లేచాయి. ఇక్కడ కాపలా రెండు రకాలు. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలకు, కాలేజీలకు ఏజెన్సీలు గార్డులను పంపుతాయి. ఐదంతస్తుల చిన్న అపార్ట్‌మెంట్లకు వాచ్‌మన్ ఉంటాడు. నేను ఎక్కువగా మాట్లాడింది ఈ రెండో రకం కుటుంబాలతో.

వాచ్‌మన్ పనికి వచ్చినవాణ్ణి ముందు అడిగే ప్రశ్న, పెళ్ళయిందా అని. ఒంటరి మగవాడికి పని దొరకడం కష్టం. ఫ్యామిలీ ఉన్నవాడైతే నమ్మకంగా ఉంటాడని అసోసియేషన్ పెద్దలు కారణం చెబుతారు. అసలు కారణం ఆ భార్య చేసే పనుల జాబితా చూస్తే తెలుస్తుంది. తెల్లవారకముందే మోటారు వేసేది, ఐదంతస్తుల మెట్లు ఊడ్చి తుడిచేది, గేటు ముందు చల్లి ముగ్గు పెట్టేది, చెత్త కిందికి దించేది, ట్యాంకరు వస్తే పైపు పట్టేది ఆమే. రాత్రంతా మేలుకున్న భర్త పగలు కాసేపు పడుకుంటే గేటు చూసేదీ ఆమే. ఫ్లాట్లలో అంట్లు తోమితే విడిగా డబ్బులిస్తారు. అక్కడ రేటు గురించి గట్టిగా మాట్లాడితే గది పోతుందేమోనన్న భయం వెంటనే ఉంటుంది. మిగతా పనులకు జీతం లేదు. రిజిస్టరులో ఆమె పేరు లేదు. చేసిన పని ఆమెది, పెట్టిన సంతకం అతనిది.

ఇంటిచాకిరికి విలువ కట్టాలని స్త్రీవాదులు దశాబ్దాలుగా అడుగుతున్నారు. ఇక్కడ విషయం అంతకంటే సూటిగా ఉంది. ఆమె ఊడుస్తున్నవి సొంత ఇంటి మెట్లు కావు. ఇరవై ముప్పై కుటుంబాల మెట్లు. అయినా భర్తకు సాయం చేస్తోంది అనే ఒక్క మాటతో ఆ శ్రమను ఇంటిచాకిరిలో కలిపేశారు. పెళ్ళి అనే బంధం ఇక్కడ యజమానికి జీతం ఇవ్వకుండా రెండో మనిషిని తెచ్చిపెట్టే ఏర్పాటుగా పనిచేస్తోంది.

కనీస వేతనం లెక్కకు మన దేశంలో మూలం 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ తీర్మానం. ఒక సంపాదనపరుడి మీద మూడు వినియోగ యూనిట్ల కుటుంబం ఆధారపడుతుందని, స్త్రీల, పిల్లల సంపాదనను లెక్కలోకి తీసుకోరాదని అది చెప్పింది. ఆ మూడు యూనిట్లను భర్తకు 1, భార్యకు 0.8, ఇద్దరు పిల్లలకు చెరో 0.6గా పంచుతూ వచ్చారు. ఆడదాని ఆకలి మగవాడి ఆకలిలో ఎనభై పాళ్ళేనని ఎవరు కొలిచారో ఎప్పుడైనా అడగవలసిందే. ఆ పితృస్వామ్యపు లెక్కలో కూడా ఒక మంచి ఉద్దేశం ఉంది. ఒక్కరి జీతంతో కుటుంబం బతకగలగాలి. బాచుపల్లి సెల్లార్లలో ఈ సూత్రాన్ని తలకిందులు చేశారు. ఒక్కరి జీతానికి కుటుంబమంతా పనిచేయాలి.

గది ఉచితం కదా, కరెంటు, నీళ్ళు ఉచితం కదా అని అడుగుతారు. 1948 కనీస వేతనాల చట్టం వేతనం అన్న మాటను నిర్వచిస్తూనే ఇంటి వసతి, దీపం, నీటి సరఫరా విలువ అందులోకి రాదని స్పష్టంగా రాసింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వేతనాల కోడ్ నిర్వచనంలోనూ ఆ మినహాయింపు ఉంది. అయితే అదే కోడ్ మరోచోట యజమాని ఇచ్చిన ఇంటి వసతికి జీతంలో కోత పెట్టుకునే వీలు కల్పించింది. కాపలా గదికి ఆ కోత వర్తించదని మనం పట్టుబట్టాలి. కిటికీ కూడా లేని ఆ గది పనివాళ్ళకు చేసిన ఉపకారం కాదు. అర్ధరాత్రి హారన్ కొట్టినా గేటు తీయడానికి మనిషి అందుబాటులో ఉండాలని యజమానులు చేసుకున్న ఏర్పాటు. పనిముట్టుకు పనివాడి దగ్గర అద్దె వసూలు చేస్తారా?

ఇక పని గంటలు. ఏజెన్సీ గార్డుకు పన్నెండు గంటల డ్యూటీ మామూలైపోయింది. చట్టం ప్రకారం రోజు పని ఎనిమిది గంటలు, దాటితే రెట్టింపు రేటు. అంటే నాలుగు అదనపు గంటలకు ఎనిమిది గంటల వేతనం రావాలి. పన్నెండు గంటలు నిలబడినవాళ్ళకు రెండు రోజుల కనీస వేతనం చెల్లాలి. ఇది కూడికలు తెలిసిన పిల్లలు కూడా వేసే లెక్క. ఏజెన్సీలకు, వాటిని పెట్టుకున్న సంస్థలకు మాత్రం రాదు.

ఈ గార్డుల్లో స్త్రీలూ ఉన్నారు. ఆడపిల్లల హాస్టళ్ళకు, ఆడవాళ్ళ బ్యాగులు తనిఖీ చేసే చోట్లకు వాళ్ళే కావాలి. సమాన పనికి సమాన వేతనం చట్టం 1976లోనే వచ్చింది. కొత్త కోడ్ కూడా వేతనంలో లింగవివక్ష కూడదంటోంది. అదే యూనిఫాంలో అదే గేటు దగ్గర నిలబడిన స్త్రీకి, వార్డెన్ చెప్పే చిన్నాచితకా పనులు కూడా అంటగడితే, సమానత్వం ఏ కాలమ్‌లో రాసుకోవాలి?

ప్రభుత్వం సంగతి చూద్దాం. కనీస వేతనాలను ఐదేళ్ళకు మించకుండా సవరించాలని 1948 చట్టం చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం 2021 జూన్‌లో సెక్యూరిటీ సేవలతో సహా ఐదు రంగాలకు వేతనాలు సవరిస్తూ 21 నుంచి 25 వరకు జీవోలు ఇచ్చింది. ఇచ్చి, గెజిట్‌లో ప్రచురించకుండా వదిలేసింది. గెజిట్‌లోకి ఎక్కని జీవో గార్డుకు పైసా కూడా తెచ్చిపెట్టదు. కార్మిక సంఘం హైకోర్టుకు వెళితే, ప్రచురించండి అని 2023లో కోర్టు ఆదేశించవలసి వచ్చింది. ఒక కాగితాన్ని అచ్చు వేయించుకోవడానికి కార్మికులు న్యాయస్థానం మెట్లెక్కాలి! యజమానులకు రాయితీలిచ్చే జీవో ఏదైనా ఇలా రెండేళ్ళు బీరువాలో నిద్రపోయిందా?

మరో చిక్కుముడి, యజమాని ఎవరన్నది. ఢిల్లీలోని సోమ్ విహార్ అపార్ట్‌మెంట్ యజమానుల సొసైటీ కేసులో, సభ్యుల కోసం పనివాళ్ళను పెట్టుకున్న సొసైటీ పారిశ్రామిక వివాదాల చట్టం కింద పరిశ్రమ కాదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నెలనెలా మెయింటెనెన్స్ వసూలు చేసే, పనివాణ్ణి పెట్టే, తీసేసే అసోసియేషన్ జీతం దగ్గరకు వచ్చేసరికి నేను యజమానిని కాను అని తప్పుకోవడానికి ఇది దారి. ఏజెన్సీ ఉన్నచోట కనీసం ఒక పట్టు ఉంది. 2005 ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద కార్మిక చట్టాలను ఉల్లంఘించిన ఏజెన్సీ లైసెన్సు రద్దు చేయవచ్చు. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే, పని జరిగిన సంస్థ యజమాని బాధ్యుడని వేతనాల కోడ్ 43వ సెక్షన్ చెబుతోంది. ఈ రెండింటినీ మనం వాడుకోవాలి. మహారాష్ట్ర 1981లోనే ప్రైవేటు గార్డుల కోసం ప్రత్యేక చట్టం చేసి బోర్డులు పెట్టింది. మనకెందుకు సాధ్యం కాదు?

మేమూ మధ్యతరగతే, ఇంటి లోను కట్టాలి అంటారు ఫ్లాట్ల యజమానులు. వంద ఫ్లాట్లున్న చోట మూడు షిఫ్టులకు ముగ్గురు, సెలవులకు ఒకరు, మొత్తం నలుగురిని పెట్టినా ఒక్కో ఫ్లాటు మీద పడేది ఒక గార్డు జీతంలో ఇరవై ఐదో వంతు. చిన్న అపార్ట్‌మెంటుకు భారం ఎక్కువే, ఒప్పుకుంటాను. రాత్రి కాపలాకు జీతం ఇవ్వగలిగే స్తోమత లేకపోతే రాత్రి కాపలా మానుకోవచ్చు. ఇంకొకరి భార్యను ఊరికే పనిచేయించుకునే హక్కు మాత్రం రాదు. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరి అని 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన భాషలో దాని పేరు వెట్టి. దొర గడికి వెట్టికి పిలుపొస్తే ఇంటిల్లిపాదీ వెళ్ళిన చరిత్ర తెలంగాణది. గడి పోయి లిఫ్టున్న గేటు వచ్చింది. ఇంటిల్లిపాదీ వెళ్ళడం మారలేదు.

మనం అడగవలసినవి ఇవి. వాచ్‌మన్ భార్య చేసే పనిని విడిగా గుర్తించి, ఆమె పేరు మీద, ఆమె చేతికి కనీస వేతనం ఇవ్వాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ యజమానేనని రాష్ట్ర ప్రభుత్వం రూల్స్‌లో స్పష్టంగా రాయాలి. కాపలా గది పేరుతో జీతంలో కోత ఉండకూడదు. ఎనిమిది గంటలు దాటితే రెట్టింపు చెల్లించాలి. గార్డుల వేతనం నిర్ణయించే సలహా సంఘాల్లో ఈ పనిచేస్తున్న స్త్రీలు కూర్చోవాలి.

చివరగా ఒక మాట. మనలో చాలామందిమి అపార్ట్‌మెంట్లలోనే ఉంటున్నాం. అసోసియేషన్ మీటింగుకు భర్తలను పంపి మనం హక్కుల మీటింగులకు వస్తున్నాం. వచ్చే నెల మనమే ఆ మీటింగుకు వెళ్దాం. మెట్లు ఊడ్చే మనిషి పేరేమిటి, ఆమె జీతమెంత అని అడుగుదాం. జవాబు మినిట్స్ పుస్తకంలో రాయమందాం.