ముంగిట్లో ఈతచెట్టు

నిరుడు మార్గశిరంలో డాలస్ నుంచి మా మేనల్లుడు ఒక ఛాయాచిత్రం పంపి, "మామా, ఇంటి ముందర సిల్వెస్టర్ పామ్ నాటించిన, చలికి ఆగుతదా?" అని అడిగాడు. బొమ్మ పెద్దది చేసి చూద్దును కదా, అది సాక్షాత్తూ మన ఈతచెట్టు! శాస్త్రనామం ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్. అందులోని రెండో ముక్కనే అక్కడి నర్సరీలవారు పేరుగా వాడుకుంటున్నారు. మట్టల మొదళ్ళను వజ్రపు గళ్ళలా చెక్కి, డాలర్లకు అమ్ముతారు. ఇక్కడ గీత కార్మికుడు ఒక ఏడు ఈ వైపు, మరో ఏడు ఆ వైపు గీసిన గాట్లతో మాను వంకరలు తిరుగుతుంది. నా కంటికి ఆ వంకరలే అందం.

ఈత కొద్దిపాటి మంచుకు తట్టుకుంటుంది. తాటికి ఆ శక్తి తక్కువ. అయినా 2021 ఫిబ్రవరి చలికి టెక్సాస్‌లో ఎన్నో తాళజాతి చెట్లు మాడిపోయాయి. వీటి ప్రాణమంతా మొవ్వులోనే ఉంటుంది. అది కుళ్ళితే పక్కనుంచి కొమ్మ వేసి బతికే చెట్టు కాదు. కనుక నీరు నిలవని నేల చూసుకొమ్మనీ, గడ్డకట్టే రాత్రులలో మట్టలను పైకి కట్టి మొవ్వుకు గుడ్డ చుట్టమనీ రాశాను. అంతకు మించిన చలి ఉన్న ఊళ్ళలో చైనా నుంచి వచ్చిన విండ్‌మిల్ పామ్ మేలు. మాను చుట్టూ నార కప్పుకొని, సున్నాకు పది డిగ్రీలు దిగువన కూడా నిలుస్తుంది.

ఇంత సలహా చెప్పినవాణ్ణి నేను చేసిందేమిటి? జనగామలో ఇల్లు కట్టేటప్పుడు స్థలంలోని రెండు ఈతచెట్లను పెరికించి, క్యూబా దేశపు రాయల్ పామ్‌లు తెచ్చి నాటాను. ప్రతి ఎండాకాలమూ వాటికి ట్యాంకరు నీళ్ళు కొంటున్నాను. మహబూబాబాద్, భూపాలపల్లి వెళ్ళినా కొత్త ఇళ్ళ గేట్లకు ఇరువైపులా ఇలాంటి పరదేశపు చెట్లే కనిపిస్తాయి. ఈతముళ్ళు పిల్లలకు గుచ్చుకుంటాయన్నది నిజమే, కాని అసలు కారణం అది కాదు. "కల్లుచెట్టు ఇంటి ముందరా?" అన్న చిన్నచూపు. ఆ మాట అన్నవారిలో నేనూ ఉన్నాను. ఖిలాషాపూర్‌లో పుట్టిన సర్వాయి పాపన్న గీతవృత్తి కుటుంబంవాడే. ఆయన విగ్రహానికి దండ వేస్తాం, ఆయన చెట్టును మాత్రం గేటు దాటనివ్వం! 2015లో మొదలైన హరితహారంలో ఆబ్కారీ శాఖవారు ఈత, తాటి మొక్కలు నాటించారు. మంచిదే, కాని అవన్నీ చెరువుకట్టలకూ వనాలకూ. ఊరిలోపల, మన వాకిళ్ళలో కూడా ఈత ఉండాలని నా వాదన. కింది మట్టలను ఏటేటా తీయిస్తే ముళ్ళు అందనంత ఎత్తుకు పోతాయి.

మేనల్లుడు మళ్ళీ రాశాడు, పండ్లు కాస్తుందా అని. ఈతలో ఆడ, మగ వేరు. పూత వచ్చేదాకా చెప్పలేమన్నాను. ఈ వానలకు నేనూ గేటు పక్కన నాలుగు ఈతగింజలు పాతాను. ముళ్ళ సంగతి మా ఆవిడతో ఇంకా తేలలేదు.